వెలిసే రంగు, తిరిగొచ్చే రంగు

పోయిన సంక్రాంతి సెలవులకు పుట్టపాక వెళ్లినప్పుడు నాయినకు నా ఫోనులో ఒక చిన్న వీడియో చూపించాను. నేను పరిశోధక విద్యార్థినిగా ఉన్న రోజుల్లో హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో తీసుకున్నది అది. గుండ్రటి పళ్లెంలో బ్యాక్టీరియా కాలనీలు ఆవగింజల్లా పరుచుకొని ఉంటాయి. నీలి కాంతి వేయగానే అవన్నీ ఆకుపచ్చగా వెలుగుతాయి. అదే కాంతి కింద కొద్దిసేపు ఉంచితే మెల్లగా మసకబారి చీకట్లో కలిసిపోతాయి. ఆ తరువాత ఊదా కాంతి ఒక్క క్షణం తగిలితే చాలు, మళ్లీ మునుపటంత పచ్చగా వెలుగుతాయి. నలభై ఏళ్లకు పైగా నూలుకు రంగులద్దిన నాయిన దాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పించుకొని చూసి, "ఇది వెలుసుడు కాదు గదా బిడ్డా, వెలిసిన రంగు మల్ల రాదు" అన్నాడు. కాసేపాగి, "ఇట్ల ఎన్నిసార్లు పోయి ఎన్నిసార్లొస్తది?" అని అడిగాడు.

ఆ రెండో ప్రశ్న విన్నప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. జవాబు తెలియక కాదు, ఆ ప్రశ్నను ప్రశ్నగా గుర్తించడానికి నాకు ప్రయోగశాలలో దాదాపు ఏడాదిన్నర పట్టిందని గుర్తుకు వచ్చినందుకు. ఇప్పుడు నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు జీవరసాయనశాస్త్రం చెబుతున్నాను, పరిశోధన నా చేతుల్లో లేదు. అయినా ఆ ప్రశ్నకు నాయినకు అర్థమయ్యేలా పూర్తి సమాధానం రాయాలనిపించింది.

మా ఇంట్లో రంగు అంటే నిలిచేది. మా ఊరి నేత వస్త్రమైన తేలియా రుమాలు కోసం నూలును ఆముదపు కాయల బూడిద నీటిలోనూ నూనెలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టేది అలిజరిన్ ఎరుపు దారాన్ని విడవకుండా పట్టుకోవాలనే. ఎండకు వెలవడమంటే రంగు అణువు విరిగిపోవడం: కాంతిని పీల్చుకొని శక్తి పొందిన అణువు గాలిలోని ఆక్సిజన్‌తోనో తేమతోనో చర్య జరిపి తన అసలు రూపాన్ని పోగొట్టుకుంటుంది, ఆ పోయిన రూపాన్ని తిరిగి తెచ్చే దారి ఉండదు. అయితే రంగు కనబడకుండా పోవడానికి ఇంకొక దారి కూడా ఉన్నదని నేను చిన్నప్పుడు మా అద్దకపు కొట్టంలోనే చూశాను. నీలిమందు నీటిలో కరగదు. కాస్టిక్ సోడా, హైడ్రోస్ అనే రసాయనాలు కలిపిన బానలో అది నీలాన్ని వదిలి పసుపు ఛాయకు మారి కరిగి దారంలోకి దిగుతుంది. దారాన్ని పైకి తీసి గాలికి పట్టగానే కళ్ల ముందే ఆకుపచ్చగా, ఆపైన నీలంగా మారుతుంది. బానలో ఉన్నంతసేపు నీలం చచ్చిపోలేదు, అణువు రూపం మార్చుకొని ఉన్నది, అంతే. కాంతికి రంగు మార్చుకొని తిరిగి తెచ్చుకొనే ప్రోటీన్లు ఈ రెండో జాతికి చెందినవి. అక్కడ హైడ్రోస్ చేసే పనిని ఒక రంగు కాంతి, గాలి చేసే పనిని మరొక రంగు కాంతి చేస్తాయి.

ఈ ప్రోటీన్ల వంశానికి మూలపురుషుడు ఒక జెల్లీఫిష్‌లో దొరికింది. 1962లో ఒసాము షిమొమురా ఈక్వోరియా విక్టోరియా అనే జెల్లీఫిష్ నుంచి వెలుగునిచ్చే ప్రోటీన్‌ను వేరుచేస్తున్నప్పుడు, దానితోపాటు ఆకుపచ్చగా మెరిసే మరొక ప్రోటీన్ కూడా కనిపించింది. 1992లో డగ్లస్ ప్రాషర్ దాని జన్యువును వేరుచేశారు, 1994లో మార్టిన్ చాల్ఫీ ఆ జన్యువును బ్యాక్టీరియాలోనూ ఒక చిన్న పురుగులోనూ పెట్టి వాటిని వెలిగించారు, రోజర్ చెన్ దానికి అనేక రంగులు సమకూర్చారు; షిమొమురా, చాల్ఫీ, చెన్‌లకు 2008లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఈ చరిత్ర చాలాచోట్ల దొరుకుతుంది కనుక ఇక్కడ ఆగను. ఆగవలసింది ఆ ప్రోటీన్ నిర్మాణం దగ్గర.

అందులో 238 అమైనో ఆమ్లాలు ఒక గొలుసుగా ఉంటాయి. ఆ గొలుసులో 65, 66, 67 స్థానాల్లోని సెరీన్, టైరోసిన్, గ్లైసిన్ అనే మూడూ తమంతట తామే ముడిపడి, ఆక్సిజన్ సాయంతో రంగు అణువుగా మారతాయి. దీన్ని క్రోమోఫోర్ అంటారు. బయటినుంచి ఏ రంగూ అద్దనక్కరలేదు, జన్యువు ఒక్కటి పెడితే చాలు, కణం తన రంగును తానే వండుకుంటుంది. ఈ మాట చెప్పినప్పుడు నాయిన ముఖంలో కనిపించిన ఆశ్చర్యం, మొదటిసారి పాఠంలో విన్నప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఒక్కటే.

ఆ క్రోమోఫోర్ చుట్టూ పదకొండు పట్టీలు నిలువుగా నిలబడి పీపాలాంటి గోడను కడతాయి. నేను ఈ గోడను ఎప్పుడూ చిటికి కట్టుతో పోల్చుకుంటాను. మా వాళ్లు సైకిల్ ట్యూబును సన్నని పట్టీలుగా కోసి నూలు మీద బిగించి కడతారు, కట్టు కింద ఉన్న భాగానికి రంగు చేరదు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకి అంచు చెదిరిపోతుంది. ప్రోటీన్ పీపా కూడా అటువంటి కట్టే: లోపలి క్రోమోఫోర్‌ను నీటినుంచి, ఆక్సిజన్ నుంచి, అటూ ఇటూ ఊగిపోకుండా కాపాడుతుంది. అదే క్రోమోఫోర్‌ను పీపా లేకుండా విడిగా తయారుచేసి నీటిలో కలిపితే అది దాదాపుగా వెలగదు. పీల్చుకున్న శక్తినంతా మెలికలు తిరగడంలోనే ఖర్చు చేసేస్తుంది.

కాబట్టి కాంతికి మారే ప్రోటీన్‌ను రూపొందించేవారి ముందున్న చిక్కు ఇది. వెలగాలంటే కట్టు బిగువుగా ఉండాలి. మారాలంటే లోపలి అణువు తిరగడానికి కాస్త చోటు ఉండాలి. చోటు ఎక్కువైతే ఆక్సిజన్ దూరుతుంది, రంగు శాశ్వతంగా వెలుస్తుంది.

1997లో రాబర్ట్ డిక్సన్, విలియం మోర్నర్, వారి సహచరులు ఈ ఆకుపచ్చ ప్రోటీన్ నుంచి వచ్చిన కొన్ని పసుపు రకాలను ఒక్కొక్క అణువుగా గమనిస్తూ, 488 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న నీలి కాంతిలో అవి మినుకుమినుకుమని చివరికి ఆరిపోతున్నాయనీ, ఆరిపోయిన అణువుకు 405 నానోమీటర్ల ఊదా కాంతి చూపిస్తే మళ్లీ వెలుగుతున్నదనీ ప్రకటించారు. చనిపోయిందనుకున్న రంగు చావలేదని తెలిసిన ఘట్టం అది. 2004లో జపాన్‌లో అత్సుషి మియవాకి బృందం ఒక పగడపు జీవినుంచి తీసిన ప్రోటీన్‌ను మార్చి ద్రోన్పా అనే ప్రోటీన్‌ను తయారుచేసింది. నింజాలు చటుక్కున మాయమవడాన్ని సూచించే జపనీస్ మాటకూ, కాంతితో తిరిగి మేల్కొనడానికి గుర్తుగా పెట్టిన అక్షరానికీ ముడివేసి ఆ పేరు పెట్టారు. నేను నాయినకు చూపించిన పళ్లెంలోనిది దీని బంధువే.

ద్రోన్పా వెలుగుతున్న రూపంలో 503 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా పీల్చుకొని 518 దగ్గర ఆకుపచ్చగా వెదజల్లుతుంది. నీలి కాంతి తగులుతూ ఉంటే క్రోమోఫోర్‌లోని టైరోసిన్ ఉంగరం ఒక వైపునుంచి మరో వైపుకు తిరిగి, ఒక ప్రోటాన్‌ను పట్టుకుంటుంది. అప్పుడు అది 390 నానోమీటర్ల ప్రాంతపు కాంతినే పీల్చుకుంటుంది కనుక వెలగకపోవడమే కాదు, మామూలు వెలుతురులో చూసినా దాని రంగు దాదాపుగా పోయినట్టే కనిపిస్తుంది. ఊదా కాంతి తగిలితే ఉంగరం వెనక్కి తిరుగుతుంది. వీడియోలో ఆరిపోవడం మెల్లగా, వెలగడం తటాలున ఎందుకు జరుగుతాయో కూడా లెక్కతో చెప్పవచ్చు: పీల్చుకున్న సుమారు 3,000 నీలి ఫోటాన్లలో, అంటే కాంతి రేణువుల్లో, ఒక్కటే ద్రోన్పాను ఆర్పగలుగుతుంది, కానీ ఊదా ఫోటాన్లలో మూడింట ఒకటికి మించి దాన్ని తిరిగి వెలిగిస్తాయి.

ఇక్కడినుంచి ఇంజనీరింగ్ మొదలవుతుంది. 2007లో జర్మనీలోని గోటింగెన్ పరిశోధకులు ద్రోన్పా స్ఫటిక నిర్మాణాన్ని చూసి, 159వ స్థానంలో ఉన్న మిథియోనైన్ అనే పెద్ద అమైనో ఆమ్లం క్రోమోఫోర్ తిరిగే దారికి అడ్డుగా ఉన్నదని గ్రహించి, దాని బదులు చిన్నదైన థ్రియోనిన్‌ను పెట్టారు. ఆ ఒక్క మార్పుతో ఆరిపోయే వేగం ఎన్నో రెట్లు పెరిగింది. మూల ప్రోటీన్‌ను ఆర్పి చీకట్లో వదిలేస్తే సగం తిరిగి రావడానికి 14 గంటలు పడుతుంది, మార్చినదానికి అర నిమిషం చాలు. ఆ మరుసటి ఏడాది అదే బృందం ద్రోన్పాలో మరికొన్ని అమైనో ఆమ్లాలను మార్చి, దానికి పూర్తిగా తలకిందులుగా నడిచే ప్రోటీన్‌ను బయటపెట్టింది: దాన్ని నీలి కాంతి వెలిగిస్తుంది, ఊదా కాంతి ఆర్పుతుంది. పేరును కూడా తిరగేసి పాద్రోన్ అన్నారు. కొద్దిచోట్ల కట్టు మారిస్తే అచ్చు మొత్తం మారిపోయే పని చిటికిలోనూ ఉంది కనుక, ఈ ఫలితం చదివినప్పుడు నాకు మా ఇంటి ముందు చిటికి కట్టడానికి నూలు చాపిన ఆసు కళ్లముందు నిలిచింది.

ఏ స్థానంలో ఏ మార్పు మేలు చేస్తుందో ముందే చెప్పడం కష్టం. జెల్లీఫిష్ ప్రోటీన్‌లోని 238 స్థానాల్లో ఒక్కొక్కదానిని మిగతా 19 అమైనో ఆమ్లాలతో మార్చి చూడాలంటేనే 4,522 ప్రోటీన్లు అవుతాయి. రెండేసి చోట్ల ఒకేసారి మార్చాలనుకుంటే ఆ సంఖ్య కోటి దాటుతుంది. అందుకని నిర్మాణాన్ని చూసి నాలుగైదు స్థానాలను ఎంచుకొని, అక్కడ అన్ని రకాల మార్పులు వచ్చేలా జన్యువును తయారుచేసి, బ్యాక్టీరియాలో పెట్టి, వేల కాలనీలను కాంతి కింద పరీక్షించి, మేలైనవాటిని తీసుకొని మళ్లీ మార్చడమే పద్ధతి. జల్లెడ పట్టే ఈ పనిలోనే నేను పెద్ద తప్పు చేశాను.

నేను 159వ స్థానాన్నీ దాని పొరుగునూ మార్చి, పళ్లేలమీద నీలి కాంతి వేసి, అన్నిటికంటే తొందరగా ఆరిపోయిన కాలనీలను ఏరుకున్నాను. ఊదా కాంతికి అవి తిరిగి వెలిగాయో లేదో ఒకసారి చూసి, వెలిగినవాటిని ఉంచుకున్నాను. మూడు నెలలు కష్టపడి వాటినుంచి ప్రోటీన్‌ను శుద్ధిచేసి, ఆర్పుతూ వెలిగిస్తూ వరుసగా కొలిచినప్పుడు, నేను ఎంతో మురిసిపోయిన రకం ఇరవై చక్రాలకే సగం వెలుగు కోల్పోయింది. నేను వేగాన్ని మాత్రమే కొలిచాను, నాకు వేగమే దొరికింది. మాయమైన ప్రతిసారీ అది కొంత దాక్కుంటున్నది, కొంత వెలుస్తున్నది. ఒకే ఒక్క చక్రం చూసిన కంటికి ఆ రెంటికీ తేడా తెలియదు. నాయిన వీడియో చూసి నిమిషంలో అడిగిన ప్రశ్నను నేను ఆ పళ్లేలను అడగలేదు.

వెలిసే భాగం ఎక్కడినుంచి వస్తున్నదో ఆ తరువాత శ్రద్ధగా చదివాను. ఐరిస్‌ఎఫ్‌పీ అనే మరొక పగడపు వంశపు ప్రోటీన్‌మీద ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు 2013లో ప్రచురించిన స్ఫటిక నిర్మాణాలు నాకు కనువిప్పు కలిగించాయి. కాంతి తక్కువ తీవ్రతతో ఎక్కువసేపు పడినప్పుడు, 159వ స్థానంలోని మిథియోనైన్‌లో ఉన్న గంధకపు పరమాణువుకు ఆక్సిజన్ అతుక్కొని, క్రోమోఫోర్‌ను వెలగని రూపంలోనే బంధించేస్తుంది. కాంతి మరీ తీవ్రంగా ఉన్నప్పుడు జరిగే నష్టం వేరు: అక్కడ 212వ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం తన కార్బాక్సిల్ భాగాన్ని పోగొట్టుకుంటుంది. సన్నటి ఎండకూ మండే ఎండకూ రంగు వేర్వేరు కారణాలతో పోతుందన్నమాట. నేను వేగం కోసం తడిమిన 159వ స్థానమే మన్నికకు కూడా ముఖ్యమైనదని అప్పుడు తెలిసింది. అక్కడ మిథియోనైన్ లేకపోతే గంధకమూ ఉండదు, ఆ ఒక్క నష్టమైనా తప్పుతుంది. కానీ అక్కడ ఏర్పడిన ఖాళీలోకి ఆక్సిజన్ రాకుండా చూసే బాధ్యత ఇరుగుపొరుగు అమైనో ఆమ్లాలమీద పడుతుంది. నా ప్రోటీన్‌లో ఆ ఇరుగుపొరుగు ఆ బాధ్యతను మోయలేదనే నా నమ్మకం.

రంగు ఒకసారి పోయి ఒకసారి వస్తే చాలదా, వందలసార్లు ఎందుకు అని నా విద్యార్థులు అడుగుతారు. సూక్ష్మదర్శినిలో ఈ ప్రోటీన్లను వాడే తీరు చూస్తే కారణం తెలుస్తుంది. 1873లో ఎర్న్‌స్ట్ ఆబె చూపించిన పరిమితి ప్రకారం, కాంతి సూక్ష్మదర్శినిలో సుమారు 200 నానోమీటర్లకంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకే మచ్చగా కలిసిపోతాయి. ఈ పరిమితిని దాటిన పనికి 2014లో ఎరిక్ బెట్జిగ్, స్టెఫాన్ హెల్, విలియం మోర్నర్‌లకు నోబెల్ వచ్చింది. హెల్ పద్ధతుల్లో ఒకదానిలో, మొదట ఊదా కాంతితో ఒక చిన్న ప్రాంతంలోని ప్రోటీన్లన్నిటినీ వెలిగిస్తారు. తరువాత నడుమ రంధ్రమున్న చేతి గాజులాంటి ఆకారంలో నీలి కాంతిని వేసి, రంధ్రం కింద ఉన్నవాటిని తప్ప చుట్టూ ఉన్నవాటినన్నిటినీ ఆర్పేస్తారు. మిగిలిన నడిమి చుక్కను చదువుతారు. వెంట్రుకవాసి పక్కకు జరిగి మళ్లీ అదంతా చేస్తారు. ఒక చుక్కను చదవడానికి దాని పొరుగువన్నీ ఆరాలి, పొరుగుదాని వంతు వచ్చినప్పుడు ఇది ఆరాలి. ఆ విధంగా ఒక్క చిత్రం పూర్తయ్యేసరికే ప్రతి అణువూ ఎన్నోసార్లు ఆరి వెలగవలసి వస్తుంది, కదిలే జీవకణాన్ని వరుస చిత్రాలుగా తీయాలంటే మరెన్నో రెట్లు. ఇరవైసార్లకే సగమైపోయే నా ప్రోటీన్ ఆ పనికి ఎందుకూ కొరగాదు.

ఆ పనికి తగినది 2011లో హెల్, స్టెఫాన్ యాకబ్స్ బృందాలు తయారుచేసిన ఆర్‌ఎస్‌ఈజీఎఫ్‌పీ. జెల్లీఫిష్ ప్రోటీన్‌నే కొన్ని చోట్ల మార్చి సాధించిన ఆ రకం 1,000కి పైగా చక్రాలు తట్టుకుంటుంది. అదే సంవత్సరం యాకబ్స్ బృందమే డ్రైక్లాంగ్ అనే మరొకదాన్ని ప్రచురించింది. ఇందులో ఉంగరం తిరగడం లేదు, క్రోమోఫోర్‌కు ఒక నీటి అణువు చేరితే వెలుగు ఆరుతుంది, వదిలిపోతే తిరిగి వస్తుంది. చదవడానికి వాడే కాంతి వేరు, మార్చడానికి వాడే కాంతులు వేరు కావడం దాని గొప్పతనం. ద్రోన్పాను చూడబోతేనే అది ఆరిపోతుంది, దీన్ని చూస్తూ ఉండవచ్చు. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే అందమైన ఆలోచన ఇదే.

మనుషులు ఇంత కష్టపడి చేసేదాన్ని ప్రకృతి ఎప్పుడో చేసి పెట్టుకున్నది. ఉప్పు మడుల్లో బతికే హాలోబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి పొరలో బ్యాక్టీరియోరోడాప్సిన్ అనే ఊదారంగు ప్రోటీన్ ఉంటుంది. 1971లో డీటర్ ఓస్టర్‌హెల్ట్, వాల్తర్ స్టోకెనియస్ దాన్ని గుర్తించారు. దాని రంగు రెటినాల్‌ది, అంటే విటమిన్ ఎ నుంచి వచ్చే అణువుది. కాంతి తగిలితే ఊదారంగు పోయి పసుపు రంగు వస్తుంది, సెకనులో నూరో వంతు గడిచేలోగా తిరిగి ఊదా అవుతుంది. 96వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లాన్ని ఆస్పరజిన్‌గా మారిస్తే ఆ పసుపు రూపం చాలాసేపు నిలుస్తుంది, దానిమీద నీలి కాంతి వేసి కావలసినప్పుడు వెనక్కి తేవచ్చు. ఆ గుణాన్ని చూసే దానితో కాంతి జ్ఞాపక ఫలకాలు చేయాలని ఎందరో ప్రయత్నించారు. మన కంటిలోని రోడాప్సిన్ కూడా రెటినాల్‌తోనే పనిచేస్తుంది, కానీ వెలుతురుకు దాని రంగు పోయినప్పుడు రెటినాల్ ప్రోటీన్‌ను వదిలి బయటికి పోతుంది, దాన్ని తిరిగి సరిచేసి తెచ్చే పనిని కంటిలోని ఎంజైములు చేయాలి. విటమిన్ ఎ చాలకపోతే ఆ రంగు పూర్తిగా తిరిగి రాదు. మా నాయనమ్మ దీపం పెట్టే వేళకు గోడ పట్టుకొని నడిచేదని నాయిన చెప్పేది ఆ రేచీకటి గురించే.

ఈ సంగతులన్నీ ఒక్కరోజులో కాదు, సెలవులు ముగిసేదాకా సాయంత్రాలు కూర్చొని నాయినకు చెప్పాను. 1,000సార్లు అన్న మాట దగ్గర ఆయన ఆగాడు. రోజుకొకసారి పోయి వచ్చినా మూడేళ్లు నిండదని లెక్కకట్టి, "మన రుమాలు మీ తాతది, ఇంక ఎర్రగనే ఉంది" అన్నాడు. పోలిక సరైనది కాదనీ, రుమాలు ఎరుపు ఒక్కసారి కూడా పోయి రాలేదనీ నేనన్నాను. ఆయన ఒప్పుకున్నాడు, కానీ నీలి దారాన్ని హైడ్రోస్‌లో ముంచి తీస్తే ఎన్నిసార్లకు తేలిపోతుందో తాను ఎన్నడూ లెక్కపెట్టలేదనీ, ప్రతి ముంపుకూ కొంత నీలం దారాన్ని వదిలి బానలోనే ఉండిపోతుందని మాత్రం తెలుసుననీ చెప్పాడు.

మా కళాశాలలో ద్రోన్పాను పెంచే సౌకర్యం లేదు, నీలి బాన పెట్టడానికి మాత్రం ఏ అడ్డంకీ లేదు. వచ్చే నెల రెండో సంవత్సరం విద్యార్థులు ఒకే నూలు చిలపను బానలో ముంచి నీలాన్ని పోగొట్టి, గాలికి పట్టి తిరిగి తెచ్చి, ప్రతిసారీ ఫోటో తీసి రంగు ఎంత తగ్గిందో గీత గీస్తారు. నేను ప్రోటీన్‌తో గీసిన పాత గీతను దాని పక్కన అంటిస్తాను. బాన కలపడానికి నాయిన తానే నల్లగొండ వస్తానన్నాడు. హైడ్రోస్ పాతబడితే పనిచేయదనీ, అంగడిలో కొత్త డబ్బా చూసి తానే తెస్తాననీ నిన్న ఫోను చేసి చెప్పాడు.